రాపిడి గుణం గల స్లర్రీకి వాల్వుల ఎంపిక

జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,100 మెగావాట్లు. 500 మెగావాట్ల మొదటి దశ 2010లోను, 600 మెగావాట్ల రెండవ దశ 2016లోను వాణిజ్య ఉత్పత్తిని ప్రారంభించాయి. మన దేశంలో విద్యుత్ కేంద్రాలు వాడే బొగ్గులో బూడిద సాధారణంగా 30 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. బూడిదను నీటితో కలిపి పైపుల ద్వారా చెరువులకు పంపడం థర్మల్ కేంద్రాలలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఈ చిక్కటి మిశ్రమాన్నే స్లర్రీ అంటారు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో లభించే ఇనుప ఖనిజం వంటి వాటిని నూరి శుద్ధి చేయవలసి వచ్చినా పైపులలో ప్రవహించేది స్లర్రీయే.

బూడిదలోను, ఖనిజంలోను ఉండే స్ఫటిక రేణువులు మామూలు ఉక్కు కంటె గట్టివి. ప్రవాహ వేగం రెట్టింపైతే అరుగుదల నాలుగు నుంచి ఎనిమిది రెట్లు పెరుగగలదు. వాల్వును సగం తెరచి ఉంచినప్పుడు జరిగేది ఇదే. ఇరుకు సందులో వేగం హెచ్చి, లోహం కోసుకుపోతుంది. కనుక స్లర్రీ వాల్వును పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. ప్రవాహాన్ని తగ్గించవలసి వస్తే పంపు వేగాన్ని తగ్గించడం మేలు.

మంచినీటి పైపులకు వాడే గేటు వాల్వు ఇక్కడ పనికిరాదు. దాని అడుగు గాడిలో బూడిద పేరుకొని గేటు చివరివరకు దిగదు. నైఫ్ గేట్ వాల్వులోని పలుచని పలక పేరుకున్న మడ్డిని కోసుకుంటూ దిగుతుంది. పించ్ వాల్వులో స్లర్రీ రబ్బరు గొట్టాన్ని మాత్రమే తాకుతుంది. అరిగితే ఆ గొట్టాన్ని మార్చుకుంటే చాలు. సన్నని రేణువులకు రబ్బరు బాగా ఆగుతుంది. పదునైన ముతక రాళ్లకు అది చిరిగిపోతుంది; అక్కడ అధిక క్రోమియం పోత ఇనుము గాని సిరామిక్ పూత గాని అవసరం.

టెండర్లలో తక్కువ ధర ఒక్కటే చూడడం వలన వచ్చే నష్టం డబ్బుతో పోదు. పైపు విప్పి మరమ్మతు చేసే కార్మికునికీ, ఒత్తిడితో నిండిన లైనుకూ మధ్య ఉండేది మూసిన వాల్వే. కావున రేణువుల పరిమాణం, ఘనపదార్థ శాతం, వేగం, ఒత్తిడి, ఉష్ణోగ్రతలను టెండరు పత్రంలో పేర్కొనాలి. విడిభాగాల ధరను, మార్పిడికి పట్టే కాలాన్ని కూడా అడగాలి. పైపు పగిలిందన్న వార్త రాసే విలేకరులు ఏ వాల్వు మూశారో, అది పూర్తిగా మూసుకుందో లేదో విచారించడం సముచితం.

కొన్న రబ్బరు గొట్టాలను ఎండలో పడవేయరాదు. వాడకముందే అవి బీటలు వారతాయి.