నిధి, నిక్షేపం, జియోక్యాషింగ్: గోనెగండ్ల పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: నిధి, నిక్షేపం, అష్టభోగాలు, జియోక్యాషింగ్, గోనెగండ్ల, ఎర్రగుడి.

1. ప్రవేశిక

ఒకరు దాచిన వస్తువును అక్షాంశ రేఖాంశాల ఆధారంగా మరొకరు వెతికి పట్టుకొనే ఆటకు జియోక్యాషింగ్ అని పేరు. ఆట కొత్తదే అయినా దాచడం, వెతకడం తెలుగు నేలకు కొత్తవి కావు. పశ్చిమ కర్నూలు ప్రాంతంలో ఈ వెతుకులాటకు ఎన్ని రూపాలున్నాయో, వాటిలో ఈ ఆట దేనికి దగ్గరగా ఉందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆట స్వరూపం

2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా కలుపుతూ వచ్చిన దోషాన్ని తొలగించింది. మరునాడే డేవ్ ఉల్మర్ ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో ఒక బకెట్‌ను దాచి, దాని స్థానాన్ని అంతర్జాలంలో ప్రకటించాడు. దొరికినవారు పెట్టెలోని పుస్తకంలో తమ పేరు రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే అంతకు తగిన విలువ గల మరొకటి ఉంచాలి. పెట్టెను మాత్రం ఉన్నచోటనే ఉంచి రావాలి.

ఇందులో అంకెలే ప్రధానం. గోనెగండ్ల సుమారు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. అయితే అక్షాంశంలో ఒక డిగ్రీలో పదో వంతు అంటే దాదాపు 11 కిలోమీటర్లు. ఆ అంకెలతో ఊరు దొరుకుతుంది గాని పెట్టె దొరకదు. అందుకే ఆటగాళ్లు డిగ్రీని 60 నిమిషాలుగా, నిమిషాన్ని వెయ్యి భాగాలుగా విభజిస్తారు. అక్షాంశంలో అటువంటి ఒక్కొక్క భాగం సుమారు 1.85 మీటర్లు. పరికరం ఆ చుట్టుపక్కలకు తీసుకుపోతుంది. ఆపైన వెతకవలసింది కన్నే.

3. అష్టభోగాలలో నిధి, నిక్షేపం

దానశాసనాలలో భూమితోపాటు సంక్రమించే ఎనిమిది హక్కులను నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలుగా పేర్కొంటారు. మొదటి రెండు పదాలు వాడుకలో పర్యాయపదాలుగా కలిసిపోయినా వాటి మధ్య భేదం ఉంది. దాచినవారెవరో తెలియకుండా నేలలో దొరికే ధనం నిధి. నమ్మకంతో ఒకచోట ఉంచినది, ఒకరికి అప్పగించినది నిక్షేపం. మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో ఋణాదానం తరువాతిది నిక్షేపమే. నిధి లభించేది, నిక్షేపం కాపాడవలసినది.

4. పరిసరాలలోని వెతుకులాటలు

హంద్రీ నదిపై గాజులదిన్నె జలాశయం ఉన్న గోనెగండ్ల మండలానికి దక్షిణాన పత్తికొండ, తుగ్గలి, మద్దికెర ప్రాంతాలున్నాయి. తొలకరి వానలకు పైమన్ను కొట్టుకుపోగానే జొన్నగిరి పరిసర పొలాలలో జనం వజ్రాల కోసం వెతుకుతారు. వజ్రాన్ని అక్కడ ఎవరూ దాచలేదు, అది ప్రకృతి ఇచ్చినది. కనుక అక్కడ వెతికేవారికి గుర్తులు లేవు, ఉన్నది ఓపిక మాత్రమే.

గుప్తనిధుల వేట దీనికి భిన్నమైనది. పాత గుడి, విగ్రహ పీఠం, వీరగల్లు, కొండరాతిపై చెక్కిన గుర్తు, ఇవన్నీ ధనానికి ఆనవాళ్లన్న నమ్మకం దానికి మూలం. ఆ నమ్మకంతో గునపం దింపినప్పుడు ధనం దొరకకపోగా చరిత్ర పగులుతుంది. శాసనం ఒకసారి ముక్కలైతే అందులోని పాఠం మళ్లీ రాదు. 1878 నాటి భారత నిధి నిక్షేప చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దొరికినవానికి చట్టం వాటా కూడా కల్పించింది. దాచుకోవడమే నేరం.

ఈ ప్రాంతపు అసలు సంపద బయటపడిన తీరు గమనార్హం. గుత్తి-పత్తికొండ మార్గంలోని ఎర్రగుడి బండలపై అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలతోపాటు లఘు శిలాశాసనాలూ ఉన్నాయి. ఇవి 1929లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుని ద్వారా వెలుగులోకి వచ్చాయి. రాయచూరు ప్రాంతంలోని మస్కి శాసనాన్ని 1915లో గుర్తించినవాడు బంగారు గనుల ఇంజనీరు సి. బీడన్. అశోకుడన్న పేరు స్పష్టంగా కనిపించిన శాసనమది. రాతిలో లోహం వెతికే కళ్లకు అక్షరం కనిపించింది. దాన్ని పగలగొట్టక పండితులకు తెలియజేయడం వల్లనే చరిత్రకు అది దక్కింది.

5. పరిశీలన

ఉల్మర్ బకెట్ కొంతమేర నేలలో పాతినదే. తరువాత ఏర్పడిన నియమాలు తవ్వి పాతడాన్ని నిషేధించాయి, స్థలయజమాని అనుమతిని తప్పనిసరి చేశాయి. 2004లో మొదలైన ఎర్త్‌క్యాష్‌లో పెట్టె కూడా లేదు. వచ్చినవారు అక్కడి శిలను, నేలను పరిశీలించి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. గుండ్రాళ్ల గుట్టలున్న ఈ సీమకు తగిన రూపం ఇదే. పురాతన కట్టడాల వద్ద పెట్టె దాచడం, మరొకరి తవ్వకానికి దారి చూపే ప్రమాదం ఉన్నందున, వర్జనీయం.

6. ముగింపు

వజ్రాల వేటలో దాచినవాడు లేడు. గుప్తనిధుల వేటలో దాచినవాడు ఊహాత్మకుడు. జియోక్యాషింగ్‌లో దాచినవాడు తానే దారి చెప్పి, అపరిచితుని నిజాయితీని నమ్ముతాడు. కనుక జనవ్యవహారంలో దీన్ని ‘నిధివేట’ అన్నా, శాస్త్రార్థంలో ఇది నిక్షేపమే. ఆ భేదాన్ని విద్యార్థులకు వివరించగలిగితే, గుట్టపై కనిపించిన ప్రతి గుర్తు కిందా బంగారం ఉందనే భ్రమ తగ్గి, ఆ గుర్తునే చదవాలన్న ఆసక్తి పెరిగే అవకాశం ఉంది.