చివరి స్నానం చేయించే చేతులు

నరసరావుపేటలో గాని, మాచర్లలో గాని, గురజాలలో గాని వేళ కాని వేళ మసీదు మైకు పలికిందంటే మన ఇళ్లలో చేతిలోని పని చేతిలోనే ఆగిపోతుంది. మరణించినది ఎవరు, జనాజా నమాజు ఏ వేళకు, ఖననం ఏ ఖబ్రస్తాన్‌లో అన్న మూడు మాటలతో ప్రకటన ముగుస్తుంది. అయితే ఆ ప్రకటనకూ, ఖబరుపై మనం వేసే పిడికెడు మట్టికీ నడుమ ఎన్నో పనులున్నాయి. నీళ్లు కాచాలి. రేగాకులు తేవాలి. కఫన్ కత్తిరించాలి. ఖబరు తవ్వించాలి. దుఃఖంతో మనసు మొద్దుబారిన ఇంటివారికి వీటిలో ఏదీ తోచదు. అటువంటి ఘడియలో గుమ్మంలోకి వచ్చి, "మీరు కూర్చోండి, మేము చూసుకుంటాం" అనే మనిషి ఆ ఇంటికి అల్లాహ్ పంపిన ఆసరా.

పాశ్చాత్య దేశాలలో ఈ పనికి ప్రత్యేక సంస్థలు, నిర్ణీత రుసుములు ఉంటాయి. మన ఊళ్లలో గుసుల్ ఇచ్చేవారు, ఖబరు తవ్వేవారు, మసీదు కమిటీ పెద్దలు కలసి ఈ భారాన్ని మోస్తున్నారు. అవసరమున్న రోజున వారి కోసం పరుగెత్తే మనం, మరునాడు వారిని మరచిపోతాం. ఇది మనలో చాలామంది ఇళ్లలో జరుగుతున్నదే.

దైవప్రవక్త (సఅసం) కుమార్తె మరణించినప్పటి సంఘటనను ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ అది ఉంది. గుసుల్ ఇస్తున్న స్త్రీల వద్దకు ఆయన వచ్చి, మూడుసార్లో, ఐదుసార్లో, అవసరమనిపిస్తే అంతకు మించో, బేసి సంఖ్యలో స్నానం చేయించమన్నారు. నీటిలో రేగాకులు కలపమని, చివరిసారి కర్పూరం వాడమని, కుడి వైపు నుండి, వుజూ అవయవాల నుండి ప్రారంభించమని బోధించారు. పని ముగియగానే తనకు తెలియజేయమన్నారు. వారు తెలియజేసినప్పుడు తన నడుముకు కట్టుకునే వస్త్రాన్ని ఇచ్చి, బిడ్డ శరీరానికి తగిలేలా చుట్టమన్నారు.

కన్నబిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఆ దుఃఖంలోనూ కర్పూరం సంగతి మరువలేదు. మయ్యిత్‌కు చేసే సేవలో ఏ చిన్న పనీ చిన్నది కాదని ఇది మనకు తెలుపుతున్నది. ఆ రోజు గుసుల్ ఇచ్చినవారు గౌరవనీయులైన సహాబియాత్. హజ్రత్ అబూబక్ర్ (రజి) మరణించినప్పుడు ఆయనకు గుసుల్ ఇచ్చినది ఆయన సతీమణి అస్మా బిన్తె ఉమైస్ (రజి). ఆ తరంలో అయినవారి చేతులు చేసిన పనిని, నేడు మనం ఊరికి ఒకరిద్దరికి వదిలివేసి, పైగా వారిని ఒక మెట్టు కిందనే ఉంచుతున్నాం.

గుసుల్ ఇచ్చేవారి దయ వారి మౌనంలో కనిపిస్తుంది. మయ్యిత్ శరీరంపై వస్త్రం కప్పే ఉంచి, చేతికి గుడ్డ చుట్టుకొని, మెల్లగా నీరు పోస్తారు. వ్యాధి మిగిల్చిన గాయమో, వార్ధక్యం తెచ్చిన వైకల్యమో వారి కంట పడుతుంది. అది ఆ గది దాటి బయటకు రాకూడదు. మయ్యిత్ లోపాలను దాచినవారికి అల్లాహ్ క్షమాపణ లభిస్తుందని హదీసు శుభవార్త వినిపిస్తున్నది.

ఈ పని ఎంత విలువైనదో 2020లో మనకు తెలిసివచ్చింది. కరోనా కేసులు ఎక్కువగా బయటపడిన పట్టణాలలో నరసరావుపేట ఒకటి. కరోనాతో మరణించినవారి దేహాలకు స్నానం చేయించడాన్ని, వాటిని ముద్దాడడాన్ని, కౌగిలించుకోవడాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఆ మార్చిలోనే నిషేధించాయి. నిస్సహాయ స్థితిలో షరీఅత్ సడలింపు ఇచ్చింది నిజమే. కాని తల్లికి చివరి చెంబు నీళ్లు పోయలేకపోయిన కుమార్తెల గుండెల్లో ఆ వెలితి ఇంకా మిగిలే ఉంది.

ఆ భయంకర దినాలలోనే తిరుపతిలో ముస్లిం యువకులు ముందుకు వచ్చి, అయినవారే దగ్గరకు రాలేని మృతదేహాలకు, మతభేదం లేకుండా ఎవరి ఆచారం ప్రకారం వారికి అంత్యక్రియలు జరిపారు. అయోధ్యలో సైకిల్ మెకానిక్ ముహమ్మద్ షరీఫ్ ఇటువంటి సేవను ఎన్నో ఏళ్లుగా చేశారు. ఆయన కుమారుడు సుల్తాన్‌పూర్‌లో హతుడయ్యాడు. ఆ గర్భశోకం నుండే, దిక్కులేని శవం ఏ మతస్థునిదైనా సగౌరవంగా సాగనంపాలన్న సంకల్పం ఆయనలో పుట్టింది. ప్రభుత్వం 2020లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఒక యూదుని జనాజా వెళ్తుండగా దైవప్రవక్త (సఅసం) లేచి నిలబడ్డారు. అతడు యూదుడు కదా అని సహచరులు అన్నప్పుడు, అది మాత్రం ఒక ప్రాణం కాదా అని ప్రశ్నించారు. తిరుపతి యువకులు, షరీఫ్ సాహెబ్ చేసిన సేవ ఆ ప్రశ్నకు సమాధానమే.

గుసుల్, కఫన్, జనాజా నమాజు, ఖననం ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యత తీరుతుంది. ఎవరూ చేయకుంటే అందరూ పాపభాగులవుతారు. అందుకే ప్రతి మసీదు ఏడాదికొకసారైనా ఈ విధానాన్ని నేర్పించాలి. పురుషునికి మూడు వస్త్రాలు, స్త్రీకి ఐదు వస్త్రాలు ఏ వరుసలో చుట్టాలో మన ఆడపిల్లలకూ తెలియాలి. స్త్రీలకు గుసుల్ ఇచ్చే సోదరి ఊళ్లో ఒక్కరే ఉంటే, ఆమె జ్వరపడిన రోజున మన ఇంటి పరిస్థితి ఏమిటి?

ఖబరు తవ్వే సోదరుణ్ణి కూడా తలచుకుందాం. ఎండలకు పేరుపడిన రెంటచింతల మన పల్నాడులోనిదే. మే నెల మధ్యాహ్నం, రాతినేలలో పలుగు వేసేవాని కూలి దగ్గర బేరమాడటం మనకు తగదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది మన ప్రవక్త (సఅసం) బోధ. హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆయన ఇంటివారికి భోజనం వండి పంపమని చెప్పినదీ ఆయనే. దుఃఖంలో ఉన్న ఇంటికి మనం అన్నం తీసుకువెళ్లాలి గాని, ఆ ఇంటి పొయ్యి మీద మన విందు వండించరాదు.

ఒకనాడు మనమూ ఆ చెక్కబల్లపై మాటా పలుకూ లేకుండా పడుకుంటాం. ఆ రోజు మనపై నీరు పోసే చేతులు మన బిడ్డలవి కావాలంటే, ఈనాడే వారికి నేర్పుదాం. ఇప్పటికే ఈ సేవలో ఉన్నవారికి అల్లాహ్ ఇహపరాల సాఫల్యం ప్రసాదించుగాక! ఆమీన్.