ఊబకాయానికి మందులు: పనిచేసే తీరు, వాడే తీరు

ఊబకాయం అంటే ఆరోగ్యాన్ని దెబ్బతీసేంతగా ఒంట్లో కొవ్వు పేరుకుపోవడం. దాన్ని అంచనా కట్టడానికి వాడే అంకె బీఎంఐ. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో ఇంకోసారి భాగిస్తే అది వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉన్న మనిషి బీఎంఐ 28. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊబకాయానికి పెట్టిన సాధారణ హద్దు 30 కాబట్టి ఆ లెక్కన ఈ మనిషికి ఊబకాయం లేనట్టే. కానీ భారతీయులకు తక్కువ బరువులోనే పొట్టలో కొవ్వు చేరుతుంది, షుగరూ ముందే వస్తుంది. అందుకని మన వైద్యులు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని లెక్కగడుతున్నారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. దర్జీ టేపు ఒక్కోసారి తూకం యంత్రం కన్నా ఎక్కువ చెబుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవారిలో బీఎంఐ 25, ఆపైన ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం.

నోరు కట్టేసుకుంటే బరువు తగ్గుతుంది, నిజమే. అయితే తగ్గిన బరువును శరీరం కరువు కింద లెక్కేసుకుంటుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ తగ్గిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా పడిపోతుంది. తగ్గిన బరువు తిరిగి వస్తే దాన్ని మనిషి బద్ధకానికి అంటగట్టడం అన్యాయం. మందుల అవసరం వచ్చేది ఇక్కడే.

ఈ మందుల చరిత్ర అంత గొప్పదేం కాదు. సిబుట్రమిన్ ఆకలిని తగ్గించేది కానీ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలడంతో 2010లో అమెరికా, యూరప్‌లలో మార్కెట్ నుంచి తప్పించారు. మన దేశం 2011లో నిషేధించింది. మనసును కుంగదీసిన రిమోనబాంట్‌దీ ఇంచుమించు అదే కథ. నిలదొక్కుకున్న పాత మందు ఓర్లిస్టాట్. ఇది ఆకలి జోలికి పోదు. పేగులో కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం ఒంటికి పట్టకుండా మలంలో పోతుంది. ఈ మాత్ర వేసుకుని నెయ్యి తేలే బిర్యానీ తింటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు: నూనె విరేచనాలు, ఆపుకోలేని తొందర, బట్టలకు నూనె మరక. మాత్ర భోజనంతోనో, తిన్న గంటలోపో వేసుకోవాలి. కొవ్వు లేని పూట అక్కర్లేదు. కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి కాబట్టి పడుకునే ముందు మల్టీవిటమిన్ వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

కొత్త మందుల కథ పేగులో మొదలవుతుంది. అన్నం తినగానే పేగు నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఇక చాలని మెదడుకు చెబుతుంది. చిక్కల్లా అది రక్తంలో నిలిచేది రెండు నిమిషాలే. సెమాగ్లూటైడ్‌లో అదే నిర్మాణానికి ఒక కొవ్వు ఆమ్లపు గొలుసు తగిలించారు. ఆ గొలుసు రక్తంలోని అల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది కాబట్టి మందు వారం దాకా ఉంటుంది. వారానికి 2.4 మిల్లీగ్రాముల చొప్పున 68 వారాలు వాడినవారు ఒక పెద్ద పరీక్షలో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారు 2.4 శాతం తగ్గారు. జీఐపీ అనే మరో హార్మోను పనిని కూడా చేసే టిర్జెపటైడ్ ఎక్కువ డోసులో 72 వారాలకు దాదాపు 21 శాతం తగ్గించింది. 2025లో ఈ రెండూ ఊబకాయానికి మన మార్కెట్‌లోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు ఇక్కడ 2026 మార్చి వరకే కాబట్టి ఆపైన చవక రకాలకు దారి తెరుచుకుంటుంది. అప్పుడు ఫార్మసిస్టు మీద బాధ్యత ఇంకా పెరుగుతుంది.

ఫార్మసిస్టు మొదట చూడాల్సింది పాత మందుల చీటీ. షుగరుకు వాడే గ్లిమిపిరైడ్, ఇన్సులిన్, ఇంకా ఓలాంజపిన్, వాల్‌ప్రోయేట్, స్టెరాయిడ్లు బరువు పెంచుతాయి. ఒక్కోసారి అసలు కారణం ఆ చీటీలోనే దొరుకుతుంది. గ్లిమిపిరైడ్ మీద సెమాగ్లూటైడ్ చేరితే షుగరు మరీ పడిపోవచ్చు, డాక్టరుకు చెప్పి పాత మందు తగ్గించాల్సి రావచ్చు. మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఉంటే ఈ ఇంజెక్షన్లు వాడకూడదు. గర్భం కోరుకునేవారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

తర్వాత ఈ ఇంజెక్షన్ పెన్ను సంగతి. తెరవని పెన్ను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్ గోడకు ఆనకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగినా పనికిరాదు. ఊరికి బస్సులో తీసుకెళ్లేవారు పెన్నును ఐసు మీద నేరుగా పెడితే అదే జరుగుతుంది, మధ్యలో గుడ్డ ఉండాలి. బొడ్డు చుట్టూ రెండంగుళాల మేర వదిలి పొట్ట మీద గానీ, తొడ మీద గానీ గుచ్చాలి. వారం వారం చోటు మార్చాలి. డోసు చూపే గడిలో సున్నా వచ్చాక కూడా మెల్లగా ఆరు లెక్కపెట్టి సూది తీయాలి. తొందరపడితే మందు చర్మం మీదే చుక్కగా మిగిలిపోతుంది. సెమాగ్లూటైడ్ డోసు 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాలకోసారి పెంచుతారు. వికారం, వాంతులు ఎక్కువగా వచ్చేది పెంచిన రోజుల్లోనే. కొద్దికొద్దిగా తినడం, వేపుళ్లు మానడం, వాంతులైతే ఓఆర్‌ఎస్ తాగడం మేలు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి మాత్రం పాంక్రియాస్ వాపు కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచి తోడు. గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, వేరే మందులకు ఎడంగా తీసుకోవాలి. బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి పప్పు, గుడ్లు, పెరుగు చాలనివారికి ప్రొటీన్ పొడి పనికొస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇక గార్సీనియా క్యాప్సూళ్లు, సన్నబడే టీలు. వీటికి నిలబడే రుజువు లేదు. గార్సీనియా వాడి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు ఉన్నాయి. మూలికలని అమ్మిన సరుకులో నిషేధించిన సిబుట్రమిన్ దొరికిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పలుమార్లు హెచ్చరించింది.

మందు ఆపితే ఏమవుతుందో సెమాగ్లూటైడ్ పరీక్షలోనే తేలింది. ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. బీపీ మాత్రలాగే ఇదీ ఏళ్ల తరబడి వాడే మందు. ఆ సంగతి, నెలకయ్యే ఖర్చుతో సహా, మొదటి పెన్ను కొనేముందే కౌంటరు దగ్గర చెప్పాలి.