నేల చెప్పిన సాక్ష్యం

ప్రళయదినాన భూమి తనపై జరిగిన సంగతులన్నిటినీ వెల్లడిస్తుందని దివ్య ఖుర్ఆన్‌లోని జిల్‌జాల్ సూరా మనకు తెలియజేస్తోంది. ఆ దినం ఇంకా రావలసి ఉంది. అయితే పాలకులు కప్పిపుచ్చిన ఒక ఘోరాన్ని మట్టీ నీరూ ఈ లోకంలోనే బయటపెట్టిన ఉదంతం ఒకటి ఉంది. రష్యాలోని ఉరల్ ప్రాంతంలో, తాతార్, బష్కిర్ ముస్లిములు తరతరాలుగా నివసిస్తున్న పల్లెల నడుమ అది జరిగింది.

అక్కడి మాయక్ కర్మాగారం సోవియట్ అణ్వాయుధాల కోసం ప్లుటోనియం తయారు చేసేది. 1957 సెప్టెంబరు 29న అక్కడ వ్యర్థాలు నిల్వ ఉంచిన తొట్టె ఒకటి పేలిపోయింది. దానిని చల్లబరిచే ఏర్పాటు చెడిపోవడమే కారణం. సుమారు 2 కోట్ల క్యూరీల రేడియోధార్మిక పదార్థం బయటపడింది. అందులో దాదాపు పదోవంతు గాలిలో లేచి, ఈశాన్య దిశగా 300 కిలోమీటర్ల వరకు నేలపై రాలింది. ఆ తరువాత రెండేళ్లలో పదివేల మందికి పైగా ప్రజలను ఊళ్లు ఖాళీ చేయించారు. ఎందుకో మాత్రం వారికి చెప్పలేదు. తాతార్‌స్కయా కరబోల్కా వంటి గ్రామాల ప్రజలు అక్కడే ఉండిపోయారు.

నిజం బయటపడిన తీరు

ఈ సంగతిని 1976లో లోకానికి చెప్పినవాడు లండన్‌లో ప్రవాస జీవితం గడుపుతున్న జీవశాస్త్రవేత్త జోరెస్ మెద్వెదెవ్. చాలామంది నిపుణులు నమ్మలేదు. అప్పుడాయన సోవియట్ శాస్త్ర పత్రికలనే సాక్ష్యంగా చూపాడు. మట్టిలో, చెరువులలో, చేపలలో స్ట్రాన్షియం-90 ఎంత ఉందో తెలిపే వ్యాసాలు వాటిలో అనేకం వచ్చాయి. ప్రమాదం ఊసు మాత్రం లేదు. అయితే చెరువుల విస్తీర్ణం, జంతుజాతుల వివరాలు, పరిశోధన జరిగిన కాలం కలిపి చూస్తే అన్నీ ఉరల్ ప్రాంతాన్నే చూపాయి. 1989లో సోవియట్ ప్రభుత్వం నిజాన్ని ఒప్పుకుంది.

నేల ఈ గుర్తులను ఎలా నిలుపుకుంటుంది? సీసియం-137 బంకమట్టి రేణువులను గట్టిగా అంటుకుని చాలాకాలం పైపొరలోనే ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలు మట్టిని గొట్టంతో నిలువుగా తీసి, పొరలు పొరలుగా కోసి పరీక్షిస్తారు. స్ట్రాన్షియం-90 స్వభావం వేరు. అది కాల్షియంను పోలినది. నీటితో కలిసి నెమ్మదిగా కిందికి దిగుతుంది. గడ్డి ద్వారా పాలలోకి, పాల ద్వారా పిల్లల ఎముకలలోకి, పళ్లలోకి చేరుతుంది. దాని తీవ్రత సగానికి తగ్గడానికే సుమారు 29 ఏళ్లు పడుతుంది. దానిని గుర్తించాలంటే మట్టి నుండి, నీటి నుండి రసాయనికంగా వేరుచేసి కొలవాలి.

నది, చెరువు, భూగర్భజలం

పేలుడుకు ముందే మరో అన్యాయం జరిగింది. 1949 నుండి 1956 వరకు మాయక్ వ్యర్థాలను తేచా నదిలోకి వదిలారు. దిగువన ఉన్న ముస్ల్యుమోవో వంటి పల్లెల ప్రజలు ఏమీ తెలియక ఆ నీటినే తాగారు, పశువులకు పట్టారు. ఆ నీరు ఏం చేసిందో తరువాత వారి పళ్లలోనూ ఎముకలలోనూ కొలిచిన స్ట్రాన్షియం చెప్పింది.

1951 నుండి వ్యర్థాలను కరచాయ్ చెరువుకు మళ్లించారు. దాని నుండి ఏ వాగూ బయటికి పారదు కనుక విషం అక్కడే ఉంటుందనుకున్నారు. కానీ 1967లో అనావృష్టికి ఒడ్డులు ఎండి, విషధూళి గాలికి లేచింది. అడుగున నీరు భూగర్భంలోకి ఇంకింది. చుట్టూ బోర్లు తవ్వి, నీటి నమూనాలు తీసి, ఆ మాలిన్యం ఎటు సాగుతోందో శాస్త్రవేత్తలు గుర్తించారు. 2015లో చెరువును పూర్తిగా పూడ్చివేశారు. అయినా భూగర్భంలోకి దిగినది పూడ్చినంత మాత్రాన పోదు. దానిని గమనిస్తూనే ఉండాలి.

నిలువ నీటిలో మూత్ర విసర్జన సైతం చేయరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఆ బోధన ముందు కరచాయ్ చెరువును ఉంచి చూస్తే మనిషి ఎంత దూరం దారి తప్పాడో తెలుస్తుంది. నీరు, నేల మన సొత్తు కావు; అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. వాటిని పాడుచేయడం ఒక నేరం. ఆ సంగతిని తాగేవారి నుండి దాచడం అంతకన్నా పెద్ద నేరం. మన బావి నీరు, మన ఊరి చెరువు విషయంలోనైనా ఈ రెండింటికీ దూరంగా ఉందాం. రేపు నేల సాక్ష్యం చెప్పే వేళ అది మనకు అనుకూలంగా పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.