గడప దాటే అధికారం



వారంటు లేకుండా పోలీసువారు ఇంట్లోకి రావచ్చునా అంటే, మనలో చాలామంది రాకూడదనే అంటాం. గంజాయి, మత్తుమందుల విషయంలో ఆ జవాబు సరిపోదండీ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 42వ సెక్షను ప్రకారం వారంటు లేకుండానే రావచ్చు, అడ్డుపడితే తలుపు పగలగొట్టనూ వచ్చు. ఎందుకంటారా? వారంటు తెచ్చేలోగా సరుకు కాలువలో కలుస్తుంది, మనిషి గోడ దూకుతాడు.

అయితే ఆ అధికారాన్ని చట్టం ఒక కాగితానికి కట్టివేసింది. వట్టి కానిస్టేబులు వస్తే చాలదు. అంతకు పైస్థాయిలో, ప్రభుత్వం అధికారమిచ్చిన ఉద్యోగి రావాలి. ఎవరో చెప్పిన కబురు మీద వస్తే ఆ కబురును రాసుకోవాలి. పొద్దుగూకిన తరువాత, తెల్లవారేలోగా వస్తే, వారంటుకోసం ఎందుకు ఆగలేకపోయాడో కారణాలు కూడా రాసి మరీ గడప దాటాలి. ఆ కాగితం నకలు 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. అత్యవసరంలో రాత ఆలస్యమైతే, తగిన కారణం చెబితే ఒప్పుకోవచ్చు గాని, అసలే రాయకపోతే కుదరదని 2009లో కర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చిన్న కాగితమే, కాని కేసు నిలిచేదీ పడిపోయేదీ చాలాసార్లు దాని మీదే సుమండీ!

పోలీసులు తరుముతున్న మనిషి దొడ్డిగుమ్మంలోంచి మీ ఇంట్లో జొరబడ్డాడనుకోండి. వాడెవడో మీకు తెలియకపోయినా సరే, అరెస్టు చేసే అధికారమున్న పోలీసు అడిగితే దారి ఇవ్వవలసిందే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 44వ సెక్షను ఇదే చెబుతోంది. ఘోషా స్త్రీలున్న గది అయితే మాత్రం, వారు బయటికి వెళ్ళడానికి వీలిచ్చాకే తలుపు పగలగొట్టాలి.

సోదా జరుగుతూంటే వంటింట్లో మూల నిలబడిపోకండి. దగ్గరుండి చూసే హక్కు ఇంటివారికి ఉంది. ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి, వీడియో తీయాలి. తీసుకువెళ్ళిన వస్తువుల జాబితా నకలు మనకివ్వాలి. ఇక ఆడదాని ఒళ్ళు వెదకవలసివస్తే ఆడవారే వెదకాలి. “ఆడ పోలీసును పిలిపించండయ్యా” అంటే అది అడ్డుతగలడం కాదు.

కారణం లేకుండా వేధించడానికి సోదా చేసిన అధికారికి 58వ సెక్షను కింద 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో వెయ్యి రూపాయలు ఏపాటి, చెప్పండి! ఆ సెక్షనే, ఇరుగుపొరుగు కక్షతో కావాలని తప్పుడు కబురిచ్చి సోదా చేయించినవారికి 2 సంవత్సరాల దాకా జైలు పెట్టింది.