‘బంజరు’ అనే ముందు ఒకసారి జూమ్ చేయండి

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో మీకు ఓ ఇన్‌ఫ్రా కంపెనీలో ఉద్యోగం వచ్చిందనుకోండి. చేరిన కొత్తలోనే మీ ముందు ఒక మ్యాప్ పెడతారు. కాలువో, రోడ్డో, హైటెన్షన్ లైనో ఎటు వెళ్లాలో మీరు గీత గీయాలి. మాగాణి మీదుగా వెళ్తే పరిహారం ఎక్కువ. ఊరి మీదుగా వెళ్తే గొడవలు. పక్కనే ముళ్లపొదలు, రాళ్లు ఉన్న ఖాళీ జాగా కనిపిస్తుంది. రికార్డుల్లో దాని పేరు ‘బంజరు’. ఎవరైనా అటే గీస్తారు. అందులో తప్పేముంది అంటారా? కడప జిల్లాలోని ఓ పిట్ట కథ వింటే తెలుస్తుంది.

86 ఏళ్ల తర్వాత దొరికింది

కలివి పొదల మధ్య తిరిగే పిట్ట కాబట్టి దాన్ని కలివికోడి అంటారు. ఇంగ్లిష్ పేరు జెర్డాన్స్ కోర్సర్. పొడవు 27 సెంటీమీటర్లు. పగలు పొదల్లో దాక్కుంటుంది, రాత్రి బయటికొచ్చి చెదల్ని, పురుగుల్ని తింటుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, స్థానికుల సాయంతో కడప జిల్లాలో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఆ తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రాత్రిపూట తిరిగే పిట్టను లెక్కపెట్టేదెలా? పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక దానిపై పాదముద్రలు వెతికారు. కూత రికార్డు చేసి, చీకటి పడే వేళ స్పీకర్‌లో వినిపించి, జవాబు కోసం ఎదురుచూశారు. ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. ఉపగ్రహ చిత్రాలతో పొదల విస్తీర్ణం కొలిచారు. చివరికి తేలింది ఇది: హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700 వరకు ఉన్నచోట ఈ పిట్ట ఉండే అవకాశం ఎక్కువ. పొదలు మరీ చిక్కగా ఉన్నా, మరీ పలచబడినా దానికి పనికిరాదు. మన భాషలో చెప్పాలంటే ఇదో స్పెసిఫికేషన్. ‘ఖాళీ జాగా’ అని మనం అనుకున్న దానికి ఇంత కచ్చితమైన లెక్క ఉందన్నమాట.

కాలువ దారి మారింది

తెలుగుగంగ శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను రాయలసీమకు, నెల్లూరుకు, చెన్నైకి తీసుకెళ్లే ప్రాజెక్టు. సీమలో నీటి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే 2005లో ఆ కాలువ తవ్వకం కలివికోడి తిరిగే చోటికే వచ్చింది. పరిశోధకులు గమనించి అటవీశాఖకు చెప్పారు. పని ఆగింది. అభయారణ్యాన్ని తప్పించేలా కాలువ మార్గాన్ని మార్చారు.

ఇక్కడ మనలాంటి ఇంజినీర్లకు పనికొచ్చే పాఠం ఒకటుంది. డ్రాయింగ్ దశలో గీతను కాస్త పక్కకు జరపడానికి పట్టేది కొద్ది రోజులే. పొక్లెయిన్ దిగాక జరపాలంటే కేసులు, కొత్త సర్వేలు, మళ్లీ భూసేకరణ. ఇంతా చేసినా, ఒకసారి పెకిలించిన పొదల్ని తిరిగి పెట్టడం ఎవరి చేతుల్లోనూ లేదు. తర్వాత ఏళ్ల తరబడి ఆ పిట్ట జాడే దొరకలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూత రికార్డు చేశారన్న వార్తతో మళ్లీ ఆశ పుట్టింది.

మంచి పనిలోనూ చిక్కుంది

కాలువలతోనే అయిపోలేదు. ఇప్పుడు మన ఉద్యోగాలు ఎక్కువగా పుడుతున్న సోలార్, విండ్ రంగాలకు కావాల్సింది కూడా ఇలాంటి ‘ఖాళీ’ భూములే. సోలార్ ఫొటోవోల్టాయిక్ ప్లాంట్లకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. బొగ్గు తగ్గాలంటే సోలార్ పెరగాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ప్యానెళ్లకు కరెంటు తీగలు తోడొస్తాయి.

బట్టమేక పిట్టనే తీసుకోండి. ఇది గడ్డి మైదానాల పక్షి. దీనికోసమే 1988లో కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తమ్మీద ఈ పక్షులు 150 లోపే ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. బరువైన పక్షి, పైగా ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. తీగ దగ్గరికొచ్చాక తప్పుకోలేదు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లైన్లను భూమిలోంచి వేయాలని 2021లో కోర్టు చెప్పింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదన్న వాదన విని, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీ వేసింది. క్లీన్ ఎనర్జీనా, పక్షా అని కోర్టు తేల్చాల్సి వచ్చిందంటే, ఎక్కడో ఒక డిజైన్ టేబుల్ దగ్గర ఈ ప్రశ్న ఎవరూ అడగలేదనే అర్థం.

‘ఒక పిట్ట పోతే నాకేంటి?’ అని మీ ఫ్రెండ్ అడగొచ్చు. పిట్ట అక్కడ ఒక సూచిక మాత్రమే. ఆ పొదలే వానకు మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి, నీరు ఇంకేలా చేస్తాయి. ఊరి గొర్రెలు మేసేది అక్కడే. రెవెన్యూ రికార్డులో సున్నా అని ఉన్నా, గొర్రెల కాపరి లెక్కలో అది సున్నా కాదు.

మీకు ఇందులో పనుంది

జీఐఎస్, రిమోట్ సెన్సింగ్: హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ దేశవ్యాప్తంగా బంజరు భూముల అట్లాస్ తయారీలో భాగస్వామి. పొదలున్న భూమి అందులో ఒక కేటగిరీ. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇస్రో ‘భువన్’ పోర్టల్ తెరిచి మీ మండలంతోనే మొదలుపెట్టండి.

మెషీన్ లెర్నింగ్: పక్షుల కూతల్ని గుర్తుపట్టే ‘బర్డ్‌నెట్’ లాంటి ఓపెన్ సోర్స్ టూల్స్ ఉన్నాయి. రెజ్యూమెలో వందో చాట్‌బాట్ ప్రాజెక్టు కన్నా, మీ కాలేజీ చెరువు దగ్గర రికార్డు చేసిన ఆడియోతో చేసిన ప్రాజెక్టు మీద ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడొచ్చు.

ఈఐఏ: 2006 నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి. ఈ నివేదికలు రాసే సంస్థలకు నాబెట్ గుర్తింపు ఉండాలి. వాటి టీముల్లో ఇంజినీర్లూ ఉంటారు, జీవశాస్త్రం వాళ్లూ ఉంటారు.

ప్రభుత్వ సర్వీసు: యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లు అర్హులే. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది.

ఇవేవీ కాకుండా మామూలు సివిల్, ఎలక్ట్రికల్ ఉద్యోగంలోనే చేరినా మీ చేతిలో ఒక పని ఉంటుంది. సర్వే ఫైల్‌లో ‘బంజరు’ అని కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఏ కాలంలో సర్వే చేశారు? రాత్రిపూట ఎవరైనా చూశారా? ఊళ్లో కాపరుల్ని అడిగారా? సీనియర్లు మొదట్లో నవ్వొచ్చు. కానీ ఈ ప్రశ్నల్ని మీటింగ్‌లో ఎంత ముందుగా అడిగితే కంపెనీకి అంత తక్కువ ఖర్చు. ఆ లెక్క చెప్పి చూడండి, వింటారు.