పాఠం 9 : కొండ అవతలికి మాట – సింప్లెక్స్ రిపీటరు

9.1 పరిచయం

పోలీసుల చేతిలో వాకీటాకీని మీరు చూసే ఉంటారు. మీట నొక్కి మాట్లాడతారు, మీట వదిలి వింటారు. దీనికి తీగ అక్కరలేదు, సెల్‌ఫోను టవరూ అక్కరలేదు. తుఫానుకు స్తంభాలు, టవర్లు కూలినప్పుడు ఇలాంటి రేడియో సెట్ల విలువ తెలుస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్, నికోబార్ దీవులను ముంచెత్తినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. దీవుల్లోని వారి క్షేమ సమాచారాలను ఆ బృందం రేడియో ద్వారా బయటికి చేరవేసింది.

సముద్రం దాటి వినిపించేవి హ్రస్వ తరంగాల సెట్లు. చేతిలో పట్టుకునే చిన్న సెట్టు మాట అంత దూరం పోదు. మధ్యలో ఒక కొండ ఉంటే చాలు, ఆగిపోతుంది. ఆ కొండనే మనకు సాయంగా మార్చుకునే చవకైన పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వాకీటాకీ మాట దూరం ఎందుకు పోదో వివరించగలుగుతారు.
• సింప్లెక్స్ రిపీటరు పనిచేసే తీరును చెప్పగలుగుతారు.
• దాని లాభనష్టాలను పోల్చగలుగుతారు.
• దాని ద్వారా మాట్లాడేటప్పుడు పాటించవలసిన పద్ధతిని తెలుసుకుంటారు.

9.2 మాట ఎందుకు ఆగిపోతుంది?

చాలా వాకీటాకీలు వి.హెచ్.ఎఫ్. తరంగాలతో పనిచేస్తాయి. వీటి పౌనఃపున్యం 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఈ తరంగాలు టార్చిలైటు వెలుగులాగా దాదాపు తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కనుక కొంత దూరం పోయాక తరంగం నేలను విడిచి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఏరియల్ ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం అందుతుంది. ఈ దూరాన్ని కిలోమీటర్లలో ఇలా లెక్కిస్తారు:

దూరం = 4.12 × √ఏరియల్ ఎత్తు (మీటర్లలో)

మనిషి చేతిలోని సెట్టు 1.5 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అప్పుడు దూరం సుమారు 5 కిలోమీటర్లు. అవతలి సెట్టుకు కూడా అంతే. రెండూ కలిపితే 10 కిలోమీటర్లు. ఇప్పుడు చుట్టూ ఉన్న నేల కంటే 100 మీటర్ల ఎత్తయిన కొండ మీద ఏరియల్ పెట్టండి. దాని దూరం 41 కిలోమీటర్లు. చేతి సెట్టు దూరం 5 కలిపితే 46 కిలోమీటర్లు.

ఇది అడ్డు లేని మైదానానికి వేసిన లెక్క. చెట్లు, ఇళ్లు, సెట్టు పొట్టి ఏరియల్ వల్ల నిజంగా అందే దూరం ఇంతకంటే బాగా తక్కువగా ఉంటుంది. అయినా అసలు విషయం మారదు. సెట్టు శక్తిని పెంచడం కంటే ఏరియల్ ఎత్తును పెంచడం ఎక్కువ మేలు చేస్తుంది.

9.3 రిపీటరు అంటే ఏమిటి?

గట్టుకు ఇటు పొలంలో ఒకరు, అటు పొలంలో మరొకరు పని చేస్తున్నారు. ఒకరి కేక మరొకరికి వినపడదు. గట్టు మీద నిలబడిన మనిషి ఇటువైపు మాట విని, అటువైపు తిరిగి అదే మాటను కేకేసి చెబుతాడు. రేడియోలో ఈ పని చేసే సాధనమే రిపీటరు.

రిపీటర్లు రెండు రకాలు. డ్యూప్లెక్స్ రిపీటరు ఒక పౌనఃపున్యంపై వింటూ, అదే క్షణంలో మరో పౌనఃపున్యంపై పలుకుతుంది. తన గొంతు తన చెవిని మూసివేయకుండా దానికి డ్యూప్లెక్సరు అనే ప్రత్యేక వడపోత సాధనం కావాలి. దానిని కచ్చితంగా సరిచేయడానికి నిపుణుడు, కొలిచే పరికరాలు కావాలి. అందుకే ఖర్చు ఎక్కువ.

సింప్లెక్స్ రిపీటరు ఒకే పౌనఃపున్యంపై పనిచేస్తుంది. ముందు పూర్తిగా వింటుంది, తరువాతే పలుకుతుంది. దీనికి ఒక సెట్టు, ఒక ఏరియల్, ఒక బ్యాటరీ, మాటను నిల్వ చేసే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చాలు.

9.4 పనిచేసే తీరు

1. మీరు మీట నొక్కి మాట్లాడతారు. కొండ మీది సెట్టు ఆ మాటను అందుకుంటుంది.
2. పెట్టె ఆ మాటను అంకెలుగా మార్చి జ్ఞాపకంలో దాచుకుంటుంది. సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కో నమూనాకు ఒక బైటు చొప్పున తీసుకుంటే 30 సెకన్ల మాటకు 2,40,000 బైట్ల చోటు చాలు.
3. మీరు మీట వదలగానే మాట ముగిసిందని పెట్టె గుర్తిస్తుంది.
4. వెంటనే పెట్టె తానే సెట్టు మీటను నొక్కినట్లు చేసి, దాచిన మాటను వినిపిస్తుంది. కొండకు రెండు వైపులా అది వినబడుతుంది.

మీ మాట మీకే తిరిగి వినపడుతుంది. ఇది విసుగుగా తోచవచ్చు కానీ ఉపయోగమే. మీ మాట కొండ వరకు స్పష్టంగా చేరిందో లేదో మీకు అప్పుడే తెలిసిపోతుంది.

9.5 దూరానికి మనం చెల్లించే మూల్యం

ఈ రిపీటరు దూరాన్ని ఇస్తుంది, కాలాన్ని తీసుకుంటుంది. 10 సెకన్ల ప్రశ్న, 10 సెకన్ల జవాబు నేరుగా అయితే 20 సెకన్లు. దీని ద్వారా అయితే 40 సెకన్లకు పైగా పడుతుంది. అది పలుకుతున్నంతసేపూ దానికి వినపడదు. ఆ సమయంలో మీరు మాట్లాడితే ఆ మాట పోయినట్లే.

మరో చిక్కు కూడా ఉంది. ఒకదానికొకటి వినపడే చోట, ఒకే పౌనఃపున్యంపై రెండు సింప్లెక్స్ రిపీటర్లు పెట్టరాదు. ఒకటి పలికినదాన్ని రెండోది, రెండోది పలికినదాన్ని మొదటిది అందుకుని ఆగకుండా వల్లిస్తూనే ఉంటాయి.

9.6 ఏర్పాటులో జాగ్రత్తలు

రెండు ఊళ్లకూ ఎదురుగా కనిపించే ఎత్తయిన చోటును ఎంచుకోండి. కొండ లేకపోతే మంచినీళ్ల ట్యాంకు కూడా పనికివస్తుంది. పిడుగుల సమయంలో ఏరియల్ దగ్గరకు పోవద్దు.

బ్యాటరీ లెక్క ముందే వేసుకోండి. సెట్టు పలికేటప్పుడు 1.5 ఆంపియర్లు, వినేటప్పుడు 0.1 ఆంపియరు వాడుతుందని అనుకుందాం. గంటలో 10 నిమిషాలు పలికితే 0.25, మిగతా 50 నిమిషాలకు 0.08, మొత్తం సుమారు 0.33 ఆంపియర్-గంట ఖర్చవుతుంది. 7 ఆంపియర్-గంటల బ్యాటరీ లెక్క ప్రకారం 21 గంటలు రావాలి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కనుక 15 గంటలకే మార్చే ఏర్పాటు చేసుకోండి.

చిన్న సెట్టు ఎక్కువసేపు పలికితే వేడెక్కి చెడిపోతుంది. కాబట్టి తక్కువ శక్తి మీద ఉంచండి. ఎత్తు ఉంది కనుక అదే సరిపోవచ్చు.

9.7 ఎలా మాట్లాడాలి?

వరదలో చిక్కిన ఒక ఊరి నుంచి ఇలా కబురు వచ్చిందనుకోండి: "హలో, హలో, అన్నా, వినపడుతోందా? ఇక్కడ మా పరిస్థితి ఏమీ బాగా లేదన్నా, రాత్రి నుంచి ఒకటే వాన, వీధుల్లోకి నీళ్లొచ్చాయి..." ఇలా సాగుతుండగానే 30 సెకన్ల జ్ఞాపకం నిండిపోతుంది. అసలు సంగతి చివర చెబుదామనుకుంటే అది అవతలికి చేరదు.

అదే కబురును ఇలా చెప్పవచ్చు: "పడమటి ఊరు, నేను తూర్పు ఊరు. నొప్పులు పడుతున్న గర్భిణి ఉంది. పడవ కావాలి. బడి దగ్గరికి పంపండి. ఓవర్." ఇది 10 సెకన్లలో ముగుస్తుంది. ఎవరు, ఏమి, ఎక్కడ అనేవి అన్నీ ఉన్నాయి. మాట్లాడేముందు కబురును కాగితం మీద రాసుకోండి. మీట నొక్కి ఒక సెకను ఆగి మొదలుపెట్టండి. రిపీటరు పలకడం ముగిసేదాకా ఆగండి. అవతలివారు కబురును తిరిగి చెప్పేవరకు అది చేరిందని అనుకోవద్దు.

9.8 అనుమతి

వైర్‌లెస్ సాధనాలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని 1933లోనే మన దేశంలో చట్టం వచ్చింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. అమెచ్యూర్ రేడియో వాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. రిపీటరు పెట్టే ముందు దానికి ఏ అనుమతి కావాలో కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ ప్లానింగ్, కో-ఆర్డినేషన్ విభాగాన్ని అడిగి తెలుసుకోండి. ఆపద వచ్చాక అనుమతికి తిరగడం కుదరదు. ముందుగానే లైసెన్సు తీసుకుని, నెలకు ఒకసారైనా మాట్లాడి సాధన చేసినవారే ఆ రోజున పనికివస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 25 మీటర్ల ఎత్తయిన ట్యాంకు మీది రిపీటరుకూ 1.5 మీటర్ల ఎత్తులోని చేతి సెట్టుకూ మధ్య లెక్క ప్రకారం దూరం ఎంత?
2. 15 సెకన్ల ప్రశ్నకు, 10 సెకన్ల జవాబుకు సింప్లెక్స్ రిపీటరు ద్వారా కనీసం ఎంత కాలం పడుతుంది?
3. సింప్లెక్స్ రిపీటరుకు డ్యూప్లెక్సరు ఎందుకు అక్కరలేదు?

జవాబులు

1. 20.6 + 5 = 25.6 కిలోమీటర్లు.
2. 50 సెకన్లు.
3. అది వినడం, పలకడం ఒకే సమయంలో చేయదు కనుక.